అమ్మ పేరుతో తెరుచుకోని ఊరు

“మీ ఊరే నీళ్ళల్లో మునిగిపోయె. ఇంగ యాడికి పోతావులే.”

మా ఆయన నాగేంద్ర ఈ మాట కోపంగా అనలేదు. ఆదివారం మధ్యాహ్నం సంగటి ముద్దలో మటన్ పులుసు కలుపుకుంటూ, నవ్వుతూ అన్నాడు. నేను పనిచేసే కాలేజీ వాళ్ళు పులివెందులలో కొత్త బ్రాంచి పెడుతున్నారు. అక్కడి కంప్యూటర్ ల్యాబు మొత్తం నన్ను చూసుకోమన్నారు. ప్రొద్దుటూరు నుంచి రోజూ తిరగడం కుదరదు కాబట్టి అక్కడే గది తీసుకోవాలి. వస్తానో రానో రేపటికల్లా చెప్పాలి. ఆ మాట మళ్ళీ ఎత్తినందుకు వచ్చిన జవాబు అది. మా అత్త వనజమ్మ మజ్జిగ పోసుకుంటూ, “ఒక్కదానివే గదిలో ఉంటావా? సూసేటోళ్ళు ఏమనుకుంటారు? ఈడ వీనికి సంగటి ఎవురు కెలుకుతారు?” అంది. పులివెందుల సంగతి అంతటితో అయిపోయింది. తర్వాత ఇద్దరూ మటన్‌లో కారం ఎక్కువైందని మాట్లాడుకున్నారు.

నేను పళ్ళేలు ఎత్తాను. సంగటి గిన్నె అడుగు ఎండిపోయి గోకినా రాలేదు, నీళ్ళు పోసి నానబెట్టాను. చేతులు పని చేస్తూనే ఉన్నాయి గానీ ఆ మాట మాత్రం చెవిలోంచి పోలేదు. అది అబద్ధమైతే ఇంత నొచ్చుకునేదాన్ని కాదు. కొండాపురం దగ్గర మా ఊరు నిజంగానే రిజర్వాయరు కింద ఉంది. పెళ్ళయిన కొత్తలో గొడవపడినప్పుడల్లా సంచి సర్దుకుని పుట్టింటికి జమ్మలమడుగు బస్సెక్కేదాన్ని. బస్సెక్కుతుందన్న భయంతోనే మా ఆయన కొంచెం తగ్గి మాట్లాడేవాడు. ఊరు మునిగాక ఆ భయం పోయింది. మా నాయన ఆదినారాయణ పునరావాస కాలనీలో రెండేళ్ళు కూడా బతకలేదు. మా అమ్మ అంతకు ముందే పోయింది. ఇప్పుడా కాలనీ ఇల్లు తమ్ముడు అవినాష్‌ది. వాడు మంచివాడే. “వచ్చి పోతాండక్కా” అంటాడు. ఉండమని మాత్రం వాడు అనడు, నేనూ అడగను.

మా ఆయన భోంచేసి పడుకున్నాడు. అత్త టీవీ ముందు చేరింది. నేను లాప్‌టాప్ తీశాను.

అది మా కూతురు ఐశ్వర్య కొన్నాళ్ళు వాడుకుని పక్కన పడేసింది. తిరుపతి హాస్టల్‌కి పోతూ, “ఇది ఇంగ నీదేమా” అని, తెరిస్తే కనపడే పేరు తెలుగులో ‘అమ్మ’ అని పెట్టి, పక్కన పువ్వు బొమ్మ వేసి ఇచ్చింది. ఆ పూట నేను ఎంత మురిసిపోయానో! అందులో నేను నాలుగు వారాలుగా ఒక పాత ఆటను తెరవాలని చూస్తున్నాను. అది తెరుచుకోవడం లేదు.

ఊరు కట్టే ఆట అది. రోడ్లు వేయాలి, ఇళ్ళు పెట్టాలి, చెట్లు నాటాలి. ఇంటర్ అయిపోయి, సంబంధాలు చూస్తూ నన్ను ఇంట్లో కూర్చోబెట్టిన రోజుల్లో మా నాయన అవినాష్ చదువు కోసమని పాత కంప్యూటర్ ఒకటి తెచ్చాడు. వాడు బడికి పోగానే అది నా చేతికొచ్చేది. అందరూ ఆ ఆటలో పెద్ద పట్నాలు కట్టేవాళ్ళట. నేను మా ఊరు కట్టాను. ప్రతి వీధి, ప్రతి మలుపు. ఆ ఆట చేసిన దేశంలో మనకున్నవి ఉండవు కదా, అందుకని పీర్ల చావిడికి బదులు ఫైర్ స్టేషన్ పెట్టాను. రామాలయానికి గడియారం గోపురం పెట్టాను. ఎప్పుడూ అందరి మీదా అరిచే ఊరిపెద్ద ఇంటికి పోలీస్ స్టేషన్ పెట్టాను. మా నాయన అది చూసి కడుపు పట్టుకుని నవ్వాడు.

ఊరు ఖాళీ చేసే రోజు జనమంతా తలుపులు, కిటికీలు, దూలాలు ఊడబెరికి ట్రాక్టర్లకెత్తారు. మా నాయన గడపతో సహా వాకిలి తలుపు పీకించాడు. అది కాలనీ ఇంటి గుమ్మానికి పట్టలేదు, ఇప్పటికీ గోడకు ఆనించే ఉంది. నేను మూలనపడ్డ కంప్యూటర్ దుమ్ము దులిపి, ఆ ఆటా, నేను కట్టిన ఊరూ పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించుకున్నాను. “అందురూ తలుపులు తీసుకపోతాంటే ఈమె ఆటలు తీసుకపోతాండాది” అని మా ఆయన పదిమందిలో అన్నాడు. అందరూ నవ్వారు. ఆ పెన్ డ్రైవ్‌ను సూదులూ గుండీలూ ఉండే డబ్బాలో దాచాను.

ఆట గుర్తు మీద నొక్కితే తెర నల్లబడుతుంది, ఒక క్షణం ఆగుతుంది, మళ్ళీ ఏమీ జరగనట్టు మామూలైపోతుంది. తప్పేమిటో ఒక్క మాట కూడా చెప్పదు. మా అత్త అలక కూడా ఇలాగే ఉంటుంది. పాత విండోస్‌లో నడిచినట్టు నడవమని సెట్టింగు మార్చాను. యాంటీవైరస్ ఆపి చూశాను. తెర సైజు తగ్గించాను. తీసేసి మళ్ళీ ఎక్కించాను. రిపేరు షాపు లాల్ బాషా దగ్గరికి తీసుకుపోతే, “శానా పాతది మేడమ్, ఇంగ రాదు. ఇంట్లో పిల్లోల్లకా? ఫోన్లోనే కొత్తవి ఉండాయి కదా” అన్నాడు. నాకే అని చెప్పడానికి సిగ్గేసింది. పిల్లలకే అన్నాను.

ఈ ఆదివారం వదలబుద్ధి కాలేదు. నాకు పోవడానికి చోటు లేదన్నాడు కదా, కనీసం చూడడానికైనా ఉందని నాకు నేను చూపించుకోవాలి. ఇంటర్నెట్‌లో ఇదే ఆటతో తంటాలు పడినవాళ్ళు రాసినవన్నీ చదివాను. ఎవరో ఒకాయన ఒక్క వాక్యం రాశాడు. ఈ పాత ఆటలు మనం కట్టిన ఊళ్ళను లాప్‌టాప్ వాడేవాళ్ళ పేరుతో ఉండే ఫోల్డరులో వెతుకుతాయి, ఆ పేరు ఇంగ్లీషు అక్షరాల్లో లేకపోతే చదవలేక అక్కడే ఆగిపోతాయి అని.

నా ఫోల్డరు పేరు చూశాను. అమ్మ.

బిడ్డ ప్రేమగా రాసిన పేరు. దాని తప్పేమీ లేదు. కానీ ఆ ఊరు కట్టినప్పుడు నేను ఎవరికీ అమ్మను కాదు. పైన పేరు మారిస్తే లోపల ఫోల్డరు పేరు మారదు, కొత్త ఖాతా తెరవాలి. తెరిచాను. పేరు రాయమని ఖాళీ గడి వచ్చింది, అందులో గీత ఆరుతూ వెలుగుతూ ఉంది. మా ఆయన నన్ను మేయ్ అంటాడు. అత్త ఐశ్వర్య వాళ్ళమ్మ అంటుంది. కాలేజీలో కంప్యూటర్ మేడమ్, ప్రింటర్ ఆగినా టీ రాకపోయినా మేడమే. అవినాష్‌కి అక్కను. పేరు పెట్టి పిలిచిన చివరి మనిషి మా నాయన. చేలోంచి వస్తూ వీధి మొదట్లోనే కేకేసేవాడు. ఆ కేక విని ఎన్నేళ్ళయిందో అనుకుంటే ఏడుపొచ్చింది.

ఇంగ్లీషు అక్షరాల్లో రాశాను. హేమావతి.

పెన్ డ్రైవ్‌లోంచి ఆటా, ఊరూ ఆ కొత్త ఖాతాలోకి ఎక్కించి, గుర్తు మీద నొక్కాను. తెర నల్లబడింది. ఒక క్షణం ఆగింది. తర్వాత ఆ పాత సంగీతం మొదలైంది. అత్తకు వినపడకుండా గబుక్కున సౌండ్ తగ్గించాను.

మా ఊరు వచ్చింది. పైనుంచి చూసినట్టు ఎర్ర కప్పులు, నేను గీసిన వంకర వీధులు, ఫైర్ స్టేషన్, గడియారం గోపురం. ఏ ఇంట్లోకీ పోవడానికి కుదరదు, కప్పులు మాత్రమే కనపడతాయి. అయినా ఏ కప్పు కింద ఎవరు పడుకునేవారో నాకు తెలుసు. మా ఇంటి దగ్గరికి తెచ్చి ఆపాను. అమ్మ గిన్నెలు తోమే జాగా, నాయన మంచం వేసుకునే జాగా. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. నీళ్ళ కింద ఇప్పుడక్కడ ఏముందో, చేపలు తిరుగుతుంటాయేమో.

కళ్ళు తుడుచుకుని చూస్తే, ఊరి చివర బస్సు ఆగే చోట ఇంకో చిన్న ఇల్లు కనపడింది. నిజం ఊళ్ళో అక్కడ ఇల్లు లేదు, ఒట్టి రాళ్ళ నేల. ముందు అర్థం కాలేదు. తర్వాత గుర్తొచ్చింది. ఈ ఊరు కట్టే రోజుల్లో ఒకనాడు అవినాష్ బడి నుంచి వచ్చి, “మనూళ్ళో ఈ ఇల్లు లేదే అక్కా, ఇదెవురిది?” అని అడిగాడు.

“నాది.”

“నీది మనిల్లే కదా?”

“కాదు. నా ఒక్కదానిదే.”

వంటింట్లోంచి అమ్మ నవ్వింది. “ఆడపిల్లకు ఇల్లేందిమే? పెండ్లయితే మొగునిల్లే దాని ఇల్లు.” అవినాష్ తీసేస్తానంటే వాడి చెయ్యి పట్టుకుని ఆపాను. అంత గట్టిగా ఎందుకు ఆపానో అప్పుడు నాకే తెలియదు. తర్వాత పెళ్ళి, ఐశ్వర్య, ఈ వంటిల్లు. ఆ ఇంటి సంగతే మరిచిపోయాను.

అది ఊళ్ళో ఎప్పుడూ లేదు. అందుకే నీళ్ళు దాన్ని ముంచలేకపోయాయి. ఫోన్ తీసి ప్రిన్సిపాల్‌కి రాశాను: వస్తాను సార్, పులివెందులలో గది చూసుకుంటాను. పంపేశాను.

“మేయ్, టీ పెట్టు” అని లోపల్నుంచి మా ఆయన కేకేశాడు. పెట్టాను. గ్లాసు చేతికిచ్చి, మంచం పక్కనే నిలబడి, “నేను పులివెందులకు పోతాండా మామా. సార్‌కు చెప్పేసినా” అన్నాను.

నిద్రమొహంతోనే చూశాడు. “ఆడ నీకెవురుండారు?”

“హేమావతి ఉండాది.”

“ఏ హేమావతి?” అన్నాడు మా ఆయన, టీ ఊదుకుంటూ.