రెండో చెయ్యి

ఆ దర్జీ దుకాణంలో తమ్ముడిది కత్తెర, అక్కది సూది. తమ్ముడిని వీధి వీధంతా దిక్కుల దొర అంటుంది. బొత్తాం కోసం లేచి కిటికీ దాకా వెళ్తాడు, అక్కడ ఎవరో సైకిలు మీంచి పడబోతుంటే చూస్తూ నిలబడతాడు, ఇక బొత్తాం సంగతి దేవుడెరుగు. ఎప్పుడూ తెరుచుకుని ఉండే ఆ నోరన్నా, ఎక్కడ చప్పుడైతే అటు తిరిగే ఆ మెడన్నా అక్కకు అసహ్యం.

ఆ రోజు బల్లమీద ఉన్నది నేత బాబాయ్ గుడ్డ. మిల్లు మూతపడే ముందు ఆయన తన మరమగ్గం మీద నేసిన ఆఖరి ముక్క. పైవైపే నీలి చారలు, లోపలివైపు ఉత్త తెలుపు. సరిగ్గా ఒక్క చొక్కాకు వస్తుంది, జేబుకైనా మిగలదు. "ఇంకెక్కడా దొరకదమ్మా, కాస్త చూసి కుట్టండి" అని రెండుసార్లు చెప్పి వెళ్ళాడు.

తమ్ముడు ముందు ముక్కలు, వెనక ముక్క, ఒక చెయ్యి కత్తిరించాడు. అంతలో ఫోను మోగింది. కత్తెర గుడ్డలోనే వదిలేసి కిటికీ దగ్గరికి పోయి ఇకిలించడం మొదలుపెట్టాడు.

అక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఒరేయ్, ఒళ్ళు దగ్గర పెట్టుకుని ఇంకొక్క చెయ్యి కత్తిరించలేవా? నీ మొహానికి కత్తెరొకటి!"

కత్తెర తనే అందుకుంది. మొదటి చెయ్యిని తిరగేసి గుడ్డమీద పరిచి, దాని అంచు వెంట కోస్తే రెండోది వస్తుంది. నాన్న నేర్పిన మొదటి పాఠం అది. పరుస్తూ తమ్ముడినే చూసింది. వాడు ఫోను పెట్టేసి ఇప్పుడు గోడమీది ఈగను చూస్తున్నాడు. ఈగను!

"చూపొకచోట, చెయ్యొకచోట! అసహ్యం వేస్తోందిరా నిన్ను చూస్తే!"

తిట్టు పూర్తయ్యేసరికి కొయ్యడమూ పూర్తయింది.

తమ్ముడు వచ్చి రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి, కళ్ళార్పకుండా చూశాడు.

"అక్కా, రెండూ ఎడమవే."

ఆమె తిరగెయ్యడం మరిచిపోయింది. చారలు ఒకవైపే కాబట్టి తిప్పి కుట్టే దారీ లేదు. మిగిలినవి పీలికలు.

సాయంత్రం నేత బాబాయ్ వచ్చి, బల్లమీది రెండు ఎడమ చేతులూ చూశాడు. అక్క నోరు తెరిచేలోపే తమ్ముడు అన్నాడు, "నా వల్లే బాబాయ్. ఫోనొస్తే అటు చూశాను."

ముసలాయన ఆ ముక్కను చాలాసేపు నిమిరాడు. "ముప్పై ఏళ్ళు మగ్గం మీంచి చూపు తిప్పలేదు బాబూ" అని, ఛీ అన్నట్టు వాణ్ణి చూశాడు. ఆ చూపు అక్కకు బాగా తెలుసు. రోజూ తను వాణ్ణి చూసే చూపే అది.

కాదు, నేనే అని చెప్పాలి. చెప్పబోయింది.

"వాడంతే బాబాయ్. ఎంత చెప్పినా వినడు" అంది.

తన నోటి మాట మీద తనకే అసహ్యం వేసింది. వీధిలో ఏదో పెద్ద చప్పుడైంది, జనం పరుగెత్తారు. తమ్ముడు అటు తిరగలేదు. అక్కనే చూస్తున్నాడు.