చెంచా చప్పుడు

కొత్త వంతెన ప్రారంభోత్సవానికి మా బ్యాండు వాయించాలని కబురు రాగానే గంతేసినంత పని చేశాను. నిజంగా గంతెయ్యలేదు. వేస్తే ఏమవుతుందో నాకు తెలుసు.

నేను ట్రంపెట్ ఊదేవాణ్ని. బ్యాండులో అందరూ నన్ను 'దమ్ము' అంటారు. మా కవాతు పాట చివర అందరూ ఆగిపోతారు, నేనొక్కణ్నే పై స్వరం పట్టుకుని నిలబడతాను. అలాంటివాణ్ని, ప్రొస్టేటు క్యాన్సర్ అని ఆ గ్రంథి తీసేశాక, జబ్బుతోపాటు ధీమా కూడా పోగొట్టుకున్నాను. దగ్గితే చుక్క, నవ్వితే చుక్క, ఊదితే ఇక చెప్పనే అక్కర్లేదు. ఆలుమగల సంగతికి కొన్నాళ్లు ఓపిక పట్టమన్నాడు డాక్టరు. నేను ఓపిక పట్టకుండా మడత మంచం తెచ్చి హాల్లో వేసుకున్నాను. మా ఆవిడ ఎందుకని అడగలేదు. అడగనందుకు నాకు ఇంకా ఒళ్లు మండింది.

వ్యాయామం నేర్పే అమ్మాయి, "మూత్రం ఆపుకునేటప్పుడు బిగిస్తారే, ఆ కండరమే. బిగించండి, వదలండి. అంతే అంకుల్," అంది. బ్యాండువాడికి తాళం లేకుండా ఏ పనీ చేతకాదని పాపం ఆ పిల్లకేం తెలుసు! అందుకే మా ఆవిడ వంటింట్లో పళ్లెం మీద చెంచాతో టక్, టక్ అని కొట్టేది. హాల్లో నేను బిగించేవాణ్ని. అది ఎంత ఒంటబట్టిందంటే, క్యాంటీన్లో ఎవరి చెంచా మోగినా నాది బిగుసుకునేది! క్రమంగా ట్రంపెట్ ఊదుతూ కూడా బిగించడం వచ్చింది. లోపల పెట్టుకునే ప్యాడ్ పొడిగా ఉన్న రోజున ఇల్లంతా తిరుగుతూ చాటింపేశాను.

బ్యాండు మాస్టారు మాత్రం మొహమాటపడుతూ, "మనవి తెల్ల ప్యాంట్లయ్యా దమ్మూ. చివరి స్వరం రెండో ట్రంపెట్‌కి ఇచ్చేద్దామా?" అన్నారు.

"ఈ ఒక్కసారికి నన్ను ఊదనివ్వండి మాస్టారూ. స్వరం తెగితే మళ్లీ అడగను."

పెద్ద డ్రమ్ము మా బావమరిదిది. వాడికొక్కడికే ఈ చెంచా కిటుకు చెప్పాను.

"ఇక నీ చెంచా నేనే బావా! దెబ్బ దెబ్బకీ బిగించుకో," అని రొమ్ము విరుచుకున్నాడు.

రిహార్సల్లో వాడి దెబ్బ, నా బిగింపు బ్రహ్మాండంగా కుదిరాయి. చివరి స్వరం మాత్రం ఊదలేదు. పెదాలు అలిసిపోతాయని దాన్ని అసలు రోజు కోసం దాచుకోవడం మా అలవాటు.

ఆ రోజు వంతెన మీద ఇసుకేస్తే రాలని జనం. ముందు వరసలో మా ఆవిడ, ఒళ్లో స్టీలు నీళ్ల సీసా. డ్రమ్ము మోగింది. దెబ్బ దెబ్బకీ బిగించాను. పాట సాగేకొద్దీ నా ఆనందానికి పట్టపగ్గాల్లేవు. పొడిగా ఉన్నాను, పొడిగానే ఉన్నాను! గుండెల నిండా గాలి పీల్చి చివరి స్వరం అందుకున్నాను.

డ్రమ్ము ఆగిపోయింది.

ఆగక ఏం చేస్తుంది? ఆ స్వరానికి డ్రమ్ము ఎప్పుడూ లేదు. ఆ సంగతే మా ఇద్దరికీ తట్టలేదు, వెర్రి వెధవలం. మా బావమరిది కర్ర ఎత్తిపట్టుకుని గుడ్లు తేలేశాడు. కింద వెచ్చగా తగిలింది. స్వరం వణికింది. మాస్టారి చూపు రెండో ట్రంపెట్ వైపు తిరిగింది. ఇక అయిపోయాననుకున్నాను.

టక్.

మా ఆవిడ! ఇంటి తాళంచెవితో సీసా మీద కొడుతోంది. టక్, టక్. పక్కనున్నవాళ్లు పిచ్చిదాన్ని చూసినట్టు చూస్తున్నా లెక్కచెయ్యడం లేదు. నేను బిగించాను. స్వరం నిలబడింది. మాస్టారు చెయ్యి దించేదాకా నిలబడే ఉంది. చప్పట్లతో వంతెన దద్దరిల్లింది.

మా ఆవిడ జనాన్ని తోసుకుంటూ వచ్చింది.

"తడిసిందా?"

"కొంచెం."

"పైకేం కనపడట్లేదులెండి. స్వరం తెగలేదు, చూశారా!" ఆవిడ కళ్లు మెరుస్తున్నాయి.

"నా ఉద్యోగం లాక్కున్నావు కదే అక్కా!" అని మా బావమరిది గోల.

వాడు అటు వెళ్లగానే, ఉన్న ధైర్యమంతా కూడగట్టుకుని ఆవిడ చెవిలో చెప్పాను. "ఇంటికెళ్లాక హాల్లో మంచం మడిచేద్దాం. డాక్టరు చెప్పిన దానికి ఇంకా టైము పడుతుందేమో, నాకు తెలీదు. అయినా మడిచేద్దాం."

"పొద్దున మీరు ఇటు బయల్దేరగానే మడిచేశాను," అంది.