శంఖపుష్పి ఏదో తెలిసిన రోజు

తల్లికి తల దువ్వి, కింద రాలిన గింజలు ఏరాక గాని రాజశ్రీ ఆఫీసుకి బయల్దేరేది కాదు. కోటమ్మ ఏ పేరు మరిచిపోతే ఆ పేరు నల్లగింజై తల్లోంచి రాలుతుంది. చెవి దగ్గర పెట్టుకుంటే ఆ పేరే కోటమ్మ గొంతుతో వినిపిస్తుంది. పక్కింటి ఉమారాణి గోడ మీంచి, ఇవాళ ఎవరు రాలారని అడిగి కూరలు తరుక్కోవడానికి పోయేది.

రైల్వే క్వార్టర్ల నాటి స్నేహితులు, విజయనగరంలో అక్కచెల్లెళ్లు, చివరికి మొగుడు భీమారావు, అందరూ రాలిపోయారు. మిగిలింది రాజశ్రీ ఒక్కతే.

పక్కనున్న ధర్సీవా ఊళ్లో మూలికల వైద్యుడు శంఖపుష్పి కషాయం పట్టమన్నాడు. శంఖుపుష్పం తెలియందెవరికి? దడి మీద నీలంగా అల్లుకునే తీగేగా. నలభై రోజులు అదే మరిగించి తాగించింది. గింజలు రాలుతూనే ఉన్నాయి.

ఆఖరికి ఒక తీగముక్క తుంచుకుని, తల్లిని ఆటో ఎక్కించి వైద్యుడి దగ్గరికే వెళ్లింది.

"ఇది అపరాజిత, బేటీ, శంఖపుష్పి కాదు," అన్నాడాయన హిందీలో. "మీ తెలుగువాళ్లు నెలకొకరు ఇదే పట్టుకొస్తారు."

అసలుది నేల మీద పాకుతుందట. ఎండాకాలం పైన మాడిపోయినా వేరు చావదట. తన ఇంటి వెనక మెట్టలోనే వెతుక్కోమన్నాడు.

ఎర్రమొరం నేల, అక్కడక్కడా గడ్డి. పాకే మొక్కలు మూడు రకాలు కనిపించాయి. ఒకదానికి పసుపు పువ్వు. ఇంకోదాన్ని తుంచితే పాలు కారాయి. మూడోదాని ఆకుల నిండా పట్టులాంటి నూగు, చిటికెనగోరంత నీలం పువ్వు, నడుమ తెలుపు. ఇదేనా? మళ్లీ పొరబడితే ఇంకో నలభై రోజులు పోతాయి, రాలడానికి మిగిలిన పేరా ఒక్కటే.

కోటమ్మ వంగి చూసింది. మొహం తేటపడింది.

"విష్ణుక్రాంత కాదేటే ఇది? వినాయకుడి పత్రిలోకి మెట్టలెమ్మట తిరిగి కోసుకొచ్చీవోళ్లం. దీనికింత ఎతుకులాటేటి?"

పోయిన పేరు తిరిగి రావడం అదే మొదలు. రాజశ్రీ గబుక్కున తల్లి చెయ్యి పట్టుకుంది. కోటమ్మ ముడిలోంచి గింజ ఒకటి జారి మొరంలో పడింది.

రాజశ్రీ దాన్ని తీసి చెవి దగ్గర పెట్టుకుంది. అన్నానికి పిలిచినట్టు, తన పేరే.

కోటమ్మ మెల్లగా చెయ్యి విడిపించుకుని, పైట సర్దుకుంది.

"తమరు ఎవరి తాలూకమ్మా?"

దొరికిందా అని వైద్యుడు అరుగు మీంచి కేకేశాడు.

గింజ పిడికిట్లో పెట్టుకుని, దొరికిందని చెప్పింది రాజశ్రీ.