ఐదువేల విస్తరి

నాందేడ్‌లో మా రైల్వే క్వార్టర్లలోకి కొత్తగా ఎవరు దిగినా నన్ను మొదట అడిగేది నీళ్లు ఎప్పుడొస్తాయని. ఆ తర్వాత అడిగేది, "అంతరిక్షం పోయొచ్చినాయనతోని కూసొని తిన్నరంట గదా, ఎట్లుండె?" అని. మంచిగుండె అంటాను. మా ఆయనైతే ఇంకో అడుగు ముందుకేసి ఆ మనిషి కళ్లు ఏ రంగో కూడా చెబుతాడు. నిజానికి మేం కూర్చోనూ లేదు, తిననూ లేదు. మా ఆయన గేటు దగ్గర నిలబడ్డాడు, నేను గోడ దగ్గర నిలబడ్డాను. ఆ మాట చెబితే మిగతాదంతా చెప్పాల్సి వస్తుంది. అడిగినవాళ్లకు అంత తీరిక ఉండదు. మీకుంటే వినండి.

మా ఆయన లక్ష్మణరావు స్టేషన్లో పార్సిల్ ఆఫీసు గుమాస్తా. వాళ్లది నిజామాబాద్ వైపు, మాది ఇక్కడే నాందేడ్ జిల్లాలో కర్ఖేలి. పెళ్లయిన చాలా ఏళ్లకు, ఇక పిల్లలు లేరులే అని ఊరు తేల్చేశాక, శ్రేయ పుట్టింది. దీపావళి పటాకులకు కూడా ఉలిక్కిపడేది కాదు. "ఎంత బుద్ధిమంతురాలో సూడు" అని మా అత్త మురిసిపోయేది. రెండేళ్లు దాటినా 'అమ్మా' అనకపోయేసరికి హైదరాబాదులో చెవుల డాక్టరుకు చూపించాం. వినికిడి చాలా తక్కువ, చెవికి మిషను పెట్టాలి, పిల్లలు మాట నేర్చే వయసు దాటకముందే పెట్టాలి, ఆలస్యం చేస్తే మిషను పెట్టినా లాభం అంతంతమాత్రం అన్నాడు. తిరుగు రైల్లో మా ఆయన బాసర దాటేదాకా మిషను ఖరీదును తన జీతంతో వేళ్ల మీద లెక్కేసుకుంటూ కూర్చున్నాడు.

ఆ రోజు నుంచి మిషను కోసం పోస్టాఫీసులో డబ్బు వేయడం మొదలుపెట్టాం. పండక్కి చీర మానేశాను. ఆయన పాన్ మానేశాడు, అది నా చీరకన్నా పెద్ద త్యాగం. 2005 ఎండాకాలం వచ్చేసరికి ఒక చెవికి మంచి మిషను వచ్చేంత జమయింది. జూన్‌లో వెళ్లి తెచ్చుకుందాం అనుకున్నాం. శ్రేయకు అప్పటికి నాలుగేళ్లు నిండాయి.

అప్పుడే ఈ విందు వచ్చిపడింది.

శ్రేయ వెళ్లే బడి ఇందుబాయిది. రిటైరైన మరాఠీ పంతులమ్మ. వినబడని పిల్లల కోసం తన ఇంటి ముందుగదుల్లోనే బడి పెట్టింది. లావుపాటి మనిషి, ఆయాసం, గొంతు మాత్రం వీధి చివరిదాకా వినబడుతుంది. వినబడని పిల్లలకు చదువు చెప్పే మనిషికి అంత గొంతు ఎందుకిచ్చాడో దేవుడు. ఊరంతా ఆమెను బాయి అంటుంది. మంచి మనిషి. ఈ కథలో నాకున్న కష్టమే అది, అందరూ మంచివాళ్లే.

బాయి ఉద్యోగంలో ఉన్నప్పుడు ఆమె దగ్గర చదువుకున్న అనికేత్ పుణెలో పెద్ద ఉద్యోగం చేస్తున్నాడు. రష్యా నుంచి ఒకాయన, నెలల తరబడి అంతరిక్షంలో ఉండి వచ్చిన మనిషి, అక్కడి కాలేజీకి వస్తున్నాడట. ఒక్క సాయంత్రానికి ఆయన్ను నాందేడ్ తెస్తానన్నాడు అనికేత్. విదేశాల్లో ఇలాంటివాళ్లతో కలిసి భోంచేయడానికి జనం లక్షలు కడతారట, ఆ డబ్బు ఆసుపత్రులకూ బళ్లకూ పోతుందట. మనం ఐదువేలు పెడదాం, రెండువందల విస్తళ్లు చాలు, బడిలో ప్రతి పిల్లకూ రెండు చెవులకూ కొత్తరకం మిషన్లు వస్తాయి అన్నాడు. బాయి కళ్లు చెమర్చాయి. మా ఆయన కళ్లు ఇంకా ఎక్కువ చెమర్చాయి.

ఇంటికొచ్చాక నేను అడిగాను. "పైసలు తీస్కొని అన్నం పెడుతరా? ఈ ఊర్ల? గురుద్వారాల ఎవలొచ్చినా కాదనకుంట ఉత్తగనే పెడుతుంటె, ఐదువేలు వెట్టి ఎవడు తింటడయ్యా?"

"తిండికి కాదే. ఆయనను సూడనీకె."

"సూడనీకైతె గోడెక్కి సూస్తరు."

ఆయన నవ్వాడు. మర్నాడు పోస్టాఫీసుకు వెళ్లి డబ్బంతా తీసి, మా ఇద్దరి పేరునా రెండు టికెట్లు కొనుక్కొచ్చాడు. ఆ టికెట్లు ఆయన చేతిలోంచి లాక్కుని చూశాను.

"నీకేమన్న పిచ్చి లేసిందా? గవి పిల్ల చెవులు!"

"పిల్ల కోసమే గదా పార్వతీ. మన పిల్ల పేరు జెప్పి అడుగుతున్నం. మనమే కొనకపోతె ఇంకొకల్లను ఏ మొగం వెట్టుకొని అడుగుత? ఒక్క చెవికి అనుకున్నం, రెండిటికి అస్తయి."

తిట్టడానికి నాలుగు మాటలు దొరికాయి, తిట్టాను. ఆడదాని భయానికి రసీదు ఉండదు, మగవాడి నమ్మకానికి టికెట్టు ఉంటుంది. ఆ రాత్రి నేను అన్నం తినలేదు.

టికెట్ల పుస్తకం పట్టుకుని ఆయన ఊరంతా తిరిగాడు. పిల్లను చూపిస్తే మనసు కరుగుతుందని శ్రేయనూ నన్నూ వెంట తిప్పాడు. కొన్నవాళ్లు ఉన్నారు. సైన్సు మాస్టర్లు ఇద్దరు ముగ్గురు కలిసి ఒక టికెట్టు, ఒక పళ్ల డాక్టరు, బడిలో మాలాంటి తల్లిదండ్రులు. పెద్దవాళ్ల దగ్గరికి వెళితే చాయ్ వచ్చేది, టికెట్టు డబ్బు వచ్చేది కాదు. మోంఢాలో, అంటే ధాన్యం మార్కెట్టులో, సంగప్ప సేఠ్‌ది పెద్ద అడ్తి, అంటే కమీషన్ వ్యాపారం దుకాణం. ఆయన శ్రేయను ఒళ్లో కూర్చోబెట్టుకుని గుప్పెడు కిస్‌మిస్‌లు పెట్టాడు. టికెట్టు మాత్రం ముట్టుకోలేదు.

"లక్ష్మణరావ్, టికెట్ కొని తినేటోడు హోటల్‌కు పోతడు. బాయి పిలిస్తె నేను అస్త. సాబ్‌కు మంచి శాలువ కప్పుత, ఊరు ఇజ్జత్ నిలవెడుత."

కక్కుర్తిపడి అన్న మాట కాదది. ఈ ఊళ్లో పిలుపుతో వచ్చేవాడు పెద్దమనిషి. టికెట్టు కొన్నాడంటే వాణ్ణి ఎవరూ పిలవలేదని అర్థం. ఐదువేలు వాళ్లకు లెక్క కాదు, ఆ అవమానం లెక్క. బాయి మొహమాటపడి పత్రికలు అచ్చు వేయించింది. ప్రెస్సువాడు పెళ్లి పత్రికలకు వేసే అలవాటు కొద్దీ పైన గణపతి బొమ్మ వేసి, కింద 'సహకుటుంబ సహపరివార్ యావే', అంటే ఇంటిల్లిపాదీ రండి, అని వేసేశాడు. టికెట్టు సంగతి అట్టడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. మొహమాటానికి పోతే ఏమవుతుందో సామెత ఒకటుంది, నలుగురిలో చెప్పేది కాదు.

మే నెల, కరెంటు కోతల కాలం. సాయంత్రం అద్దె పెళ్లిహాలు ముందు జీపులు ఆగాయి. టికెట్లు చూసే పని మా ఆయనదే, పార్సిల్ ఆఫీసువాడు కదా, చీటీ లేనిదే దేన్నీ వదలడని బాయి నమ్మకం. మొదటి జీపులోంచి సంగప్ప సేఠ్ దిగాడు. వెనక భార్య, తమ్ముళ్లు, మరదళ్లు, పిల్లలు, దుకాణంలో లెక్కలు రాసే మునీమ్ కూడా.

మా ఆయన రెండు చేతులూ జోడించాడు. "యా సేఠ్‌జీ, యా, బసా" అన్నాడు మరాఠీలో, రండి కూర్చోండి అని.

నేను ఆయన మోచేయి గిల్లాను. "టికెట్ అడుగయ్యా."

"అన్నానికి అచ్చినోన్ని గేటుకాడ ఎట్ల ఆపాలె?"

"పిల్ల చెవులయ్యా!"

"ఎరికేనే. ఎరికే గనీ నోరు వస్తలేదు."

తిట్టాను. పక్కకు తోసి నేనే నిలబడ్డాను. తర్వాత వచ్చింది ఒక ముసలామె, వెంట కోడలు, కోడలి చంకలో పసిపిల్ల. అడగాలనే నోరు తెరిచాను. "యా తాయి, ఇకడే బసా" అని నా నోరే అంది. విస్తరి ముందుకొచ్చిన మనిషిని లేపిన ఇల్లు బాగుపడదని చిన్నప్పటి నుంచి విన్న చెవులు నావి. చెవులు పనిచేయడం వల్ల కూడా నష్టముందని ఆ సాయంత్రమే తెలిసింది నాకు. జనం వస్తూనే ఉన్నారు. వండినది మొదటి బంతికే అయిపోయింది. అనికేత్ రెండు హోటళ్లకు మనుషుల్ని పరిగెత్తించాడు. నా కుర్చీలో సంగప్ప సేఠ్ మరదలు కూర్చుంది, అందుకే నేను గోడ దగ్గరికి వెళ్లాను.

వేదిక మీద సత్కారం మొదలైంది. ఒక్కొక్కరే లేచి ఆ రష్యా ఆయనకు శాలువా కప్పారు, కొబ్బరికాయ చేతిలో పెట్టారు, తలకు ఫేటా చుట్టారు. సంగప్ప సేఠ్ శాలువా జరీది, దాని ఖరీదు టికెట్టుకన్నా తక్కువ ఉండదు. నేను గోడకు ఆనుకుని, అదిగో ఒక చెవి, అదిగో ఇంకో చెవి అనుకుంటూ ఆ శాలువాలను చూశాను. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగనూనె. నాందేడ్ ఉక్కపోతలో ఆ పెద్దాయన శాలువాల కింద చెమటలు కక్కుతూనే నవ్వుతున్నాడు.

ఆయన మాట్లాడటానికి లేచేసరికి కరెంటు పోయింది. జనరేటరు వేశారు. ఆ రొదలో ఆయన రష్యన్‌లో అన్నది ఒకతను ఇంగ్లీషులోకి, అనికేత్ మరాఠీలోకి మార్చి చెబుతుంటే ఎవరికీ సగం వినబడలేదు. పైనుంచి చూస్తే భూమికి గీతలు లేవన్నాడో, ఇంకేదో అన్నాడో. శ్రేయ మాత్రం ముందు వరసలో నేల మీద కూర్చుని, కన్నార్పకుండా ఆయన పెదాలనే చూస్తోంది. ఆ రొద దానికి అడ్డు కాదు కదా.

చివర్లో పూలగుత్తి ఇవ్వడానికి దాన్ని వేదిక ఎక్కించారు. ఆయన గుత్తి పక్కన పెట్టి పిల్లను ఒళ్లోకి తీసుకున్నాడు. పిల్లకు వినబడదని అనికేత్ చెప్పాడు. ఆయన తన ముందు వడ్డించిన విస్తట్లోంచి నిమ్మకాయ ముక్క తీసి, రెండు వేళ్ల మధ్య పట్టుకుని, మెల్లగా గాల్లో తేలుతున్నట్టు తిప్పుతూ తెచ్చి దాని ముక్కుకు తగిలించాడు. మళ్లీ తేలించాడు. నోరు తెరిచి దాన్ని పట్టుకోబోయినట్టు నటించాడు. శ్రేయ నవ్వింది. కిలకిలా, గట్టిగా, జనరేటరును మించి నవ్వింది. దాని గొంతు అంత పెద్దదని నాకు అప్పటిదాకా తెలియదు. గోడ దగ్గర నిలబడి ఏడ్చేశాను. అబద్ధం ఎందుకు, ఆ కాసేపు నాకు ఏ మిషనూ గుర్తు రాలేదు. ఈ విందు దండగా కాదా అని ఎవరైనా నిలదీస్తే నా నోరు ఆగిపోయేది ఆ నవ్వు దగ్గరే.

వారం తిరక్కుండా బాయి మా ఇంటికొచ్చింది. మెట్లెక్కిన ఆయాసానికి గుమ్మంలోనే కూర్చుంది. విమానం, హాలు, రెండోసారి తెప్పించిన భోజనాలు, జనరేటరు, అన్నీ పోగా ఏం మిగిలిందో చెప్పడానికి ఖాళీ అరచేయి చాపి, మళ్లీ ముడిచింది. తన గాజులు తాకట్టు పెట్టి హోటలువాళ్లకు ఇచ్చిందని తర్వాత తెలిసింది. చేతిసంచిలోంచి ఒక శాలువా, ఒక కొబ్బరికాయ తీసి నా ముందు పెట్టింది. ఆ పెద్దాయన అవన్నీ విమానంలో మోసుకుపోలేక బడికే వదిలేసి వెళ్లాడట, పిల్లల తల్లులకు తలా ఒకటి ఇస్తోందట.

ఆమె కోసం నేను వారం రోజులుగా తిట్లు దాచిపెట్టుకున్నాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తుంటే లేచి చాయ్ పెట్టాను. ఇంకేం చేయను? బాయి తినలేదు, అనికేత్ తినలేదు, సంగప్ప సేఠ్ నిండు మనసుతోనే వచ్చాడు. ఒక్క దొంగ ఉన్నా బాగుండేది, తిట్టుకుని పడుకునేదాన్ని.

అనికేత్ పుణె నుంచి ఫోన్ చేసి, శ్రేయ ఫొటో పేపర్లో పడిందనీ, అది చూసి బడిలో కొత్తగా ముగ్గురు పిల్లలు చేరారనీ, ఊరికే పోలేదనీ అన్నాడు. నిజమే, చేరారు. వాళ్లకూ మిషన్లు లేవు.

మళ్లీ మొదటి నుంచి కూడబెట్టాం. మధ్యలో మా అత్త ఆపరేషను వచ్చింది. ఆమె చెవిలో దుద్దులతో సహా అమ్మి మిషను కొనేసరికి శ్రేయకు ఆరేళ్లు దాటాయి. హైదరాబాదులో చెవి వెనక మిషను తగిలించి, మా ఆయన వెనక నుంచి "శ్రేయా" అన్నాడు. పిల్ల గిరుక్కున తిరిగింది. ఆయన ఆసుపత్రి వరండాలో ముక్కూ మొహం తెలియనివాళ్లందరికీ పేడాలు పంచాడు.

ఆరు నెలలు గడిచాయి. శ్రేయ అన్నిటికీ తిరుగుతుంది. పిలిస్తే తిరుగుతుంది, తలుపు కొట్టుకుంటే తిరుగుతుంది, రైలు కూస్తే తిరుగుతుంది. అన్నిటికీ ఒకేలా తిరుగుతుంది. చప్పుడు అందుతోందమ్మా, అది మాటగా విడిపోవడం లేదు అన్నాడు డాక్టరు.

"ముందుగాల పెట్టి ఉంటె?" అని మా ఆయన అడిగాడు.

"చెప్పలేనండి. వచ్చేదేమో. రాకపోయేదేమో."

ఆ మాట ఆయన్ను నమిలేస్తోంది. తప్పు నీదే అని డాక్టరు అన్నా తట్టుకునేవాడు. రోజూ డ్యూటీకి వెళ్లేముందు పిల్ల ఎదురుగా కూర్చుని, దాని చేయి తన గొంతు మీద పెట్టుకుని, "శ్రేయ, శ్రేయ" అని చెబుతాడు. అది ఆయన గొంతు అదురుతుంటే నవ్వుతుంది. నేను వంటింట్లోంచి వింటాను. ఆయన్ను ఏమీ అనను, అనే హక్కు నాకుందని ఆయనకూ తెలుసు.

నిన్న వంటింట్లో నా చేతిలోంచి ఇత్తడి గిన్నె జారి పడింది. శ్రేయ అవతలి గదిలోంచి పరుగెత్తుకొచ్చి, నా కొంగు పట్టుకుని, పిలిచావా అన్నట్టు నా ముఖంలోకి చూసింది. పిలిచానన్నట్టు తలూపాను.