మిగిలిన ముడి

మట్టిదిబ్బ వెనక కూలీలందరితో కలిసి నక్కి కూర్చుంది చంద్రవ్వ. ఒళ్లో మగని రుమాలు. దాని అంచు నిండా వేసిన ముళ్లే.

నిజాం పాలన పోయి ఏడేళ్లయినా, తాండూరు నాపరాతి గనుల్లో లెక్క మాత్రం ముళ్లదే. పైరాయిని పేల్చడానికి ఒక్కో గుంతలో మందు కూరి, ఒక్కో ముడి వేస్తాడు బాలప్ప. పది దాటితే ఆయనకు లెక్క తెలియదు మరి. రుమాలు పెళ్లాం చేతికిచ్చి, వత్తులంటించి పరుగెత్తుకొస్తాడు. పేలుడుకొక ముడి ఆమె విప్పాలి. ముడి మిగిలితే లోపల మందు బతికున్నట్టే, ఎప్పుడు పేలుతుందో తెలియదు. ఆ పూట ఎవరూ దిగరు. మర్నాడు దిగి దాన్ని తవ్వి తీయాల్సింది మాత్రం బాలప్పే.

నిన్న పక్క గనిలో అట్లా దిగిన బీరప్పను గోనెసంచిలో తెచ్చారు. రాత్రంతా చంద్రవ్వకు కంటిమీద కునుకు లేదు. పొద్దున్నే మగని రుమాలులో పసుపు బియ్యం పెట్టి పోచమ్మకు ముడుపు కట్టింది. నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు.

ఢాం! ఒకటి విప్పింది. ఢాం! ఇంకొకటి. చివరికి అంతా నిశ్శబ్దమైంది. ఒక ముడి మిగిలింది.

"ఒకటి పేలలే," అన్నాడు మేస్త్రి. "ఇయ్యాల పని బంద్. రేపు బాలప్ప దిగుతడు."

చంద్రవ్వకు నిన్నటి గోనెసంచి కళ్లముందు మెదిలింది. అంతలోనే ముడుపు గుర్తొచ్చి, పోయిన ప్రాణం లేచొచ్చింది.

"గది తూటా ముడి గాదు మేస్త్రీ! పొద్దుగాల నేను కట్టిన ముడుపు."

అందరూ పకపకా నవ్వారు. "నా పెండ్లాంకు నాకంటే ఎక్కువ ఫికర్," అంటూ బాలప్ప బీడీ వెలిగించుకుని ముందుగా గనిలోకి దిగాడు.

పసుపు బియ్యం కళ్లకద్దుకుందామని చంద్రవ్వ ముడి విప్పింది.

లోపల ఏమీ లేదు.

రుమాలు తిరగేసింది. ఒక్క గింజ లేదు, పసుపు మరక లేదు. అప్పుడు తెలిసింది. ముడుపు కట్టిన రుమాలు ఇంట్లో దండెం మీదే ఉంది. ఆయన తెచ్చుకున్నది ఇంకోటి. గబుక్కున లేచి దిబ్బెక్కింది. బాలప్ప సరిగ్గా గుంతల వరస దగ్గరికి పోతున్నాడు.

"పోకు! ఎనుకకు రా!" అని అరిచింది. ఆడదాని చాదస్తమనుకుని చెయ్యూపి నడిచాడు.

పెళ్లయిన పన్నెండేళ్లలో ఆమె నోట మగని పేరు రాలేదు. ఆ కూలీల ఇళ్లలో ఏ ఆడదాని నోటా రాదు.

"బాలప్పా!"

ఆయన కొయ్యబారి ఆగిపోయాడు. నమ్మలేక వెనక్కి తిరిగి రెండడుగులు వేశాడు. అప్పుడు పేలింది, మిగిలిన ఆ గుంత.

మనిషి బతికాడు. చెవులు పోయాయి. ముడుపు మాట చెప్పి ఆమె ఎన్నిసార్లు ఏడ్చినా ఆయనకు వినపడదు. ఆయన చెవిన పడిన చివరి మాట తన పేరే.