అత్త కాష్టానికి దాచిన చెట్టు

మా బావ దాలయ్య కంటే ఆ పురుగే నయం. తను తినేది ఎవరి చెట్టో పురుగుకి తెలీదు. బావకి తెలుసు.

కోటబొమ్మాళి అవతల మెట్టలో మా జీడితోట, మా ఆయన అన్న దాలయ్య తోట పక్కపక్కనే. రెండు తోటలూ మా అత్త అసిరమ్మ తన చేత్తో నాటినవే. బావ గట్టు మీది పెద్ద చెట్టు పోయిన ఏడాది నిలువునా ఎండిపోయింది. మొదట్లో జిగురు కారింది, రంపపు పొట్టు రాలింది, వేరు దాకా డొల్ల.

"కొట్టి కాల్చెయ్ బావా, లోపల పురుగున్నాది" అని మొత్తుకున్నాను. వింటేనా! ముసలాళ్లున్న ఇంట కాష్టానికి కర్ర ముందే చూసుకోవడం వాళ్లింటి ఆనవాయితీ. తల్లి నాటిన చెట్టుతోనే తల్లిని కాల్చాలని బావ పట్టు.

వేసవిలో ఆ మానులోంచి ఎర్రటి పెంకుపురుగులు బయటికొచ్చాయి. ఒంటి కంటే మీసాలే పొడుగు. మా చెట్ల బెరడు పగుళ్లలో గుడ్లు పెట్టాయి. పిల్లపురుగులు బెరడు కింద దూరి మేశాయి. కార్తీకానికి మా మంచి కాపు చెట్లు మూడింటికి ఆకులు పండుబారిపోయాయి. మేం బతికేది ఆ తోట మీదే. ఒళ్లు మండి గొడ్డలి పట్టుకుని వెళ్లాను.

"సెట్టు మీద సెయ్యేసావంటే ఊరుకోను. అది అమ్మ కాష్టానికి" అని బావ అడ్డొచ్చాడు.

పక్కకి నెట్టి ఒక్క వేటు వేశాను. కోడిగుడ్డు పెంకులాంటి తెల్లటి గూడొకటి రాలిపడింది. మా కేకలకి అత్త కర్ర పొడుచుకుంటూ వచ్చింది. గూడు తీసి చిదిమింది. లోపల పురుగు మీసాలాడించింది.

"ఏటిరా ఇది?"

నీ కాష్టానికని దాచిన ఈ మానులోంచే మా చెట్లకి ఎక్కిందని నేనే చెప్పాను. అత్త మా పండుబారిన చెట్ల వైపు చూసింది.

"నేనింకా సావనేదురా! నన్నొక్కదాన్ని కాల్సడానికి నా సెట్లన్నీ సంపుతావేటి? దేవీ, ఆ గొడ్డలి ఈడికియ్యి. కొట్టరా!"

బావ ఏడుస్తూనే కొట్టాడు. అక్కడే పోగేసి అంటించాం. అత్త ఆ మంటకి చేతులు కాచుకుంది.

"నా కాష్టం నేనే సూసుకున్నాను. ఇంక ఆ మాట ఎత్తకండి" అంది.

బావని చూస్తే నాకు జాలి వెయ్యలేదు. నా చెట్ల మొదళ్లలో పొట్టు ఇంకా రాలుతూనే ఉంది.