చిట్టీలో వచ్చిన దేశం

మా అల్లుడు యోగానంద్ మంచివాడే. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, లేకపోతే తర్వాత చెప్పబోయేదంతా విని నన్ను గయ్యాళి అత్తగారి కింద జమ కట్టేస్తారు. తాగడు, అరవడు, పొద్దున్నే నాకు కాఫీ కలిపి ఇస్తాడు. కానీ కూతురి చదువు ఊసు వచ్చిందంటే మనిషికి పూనకమే. కెనడాలో, విన్నిపెగ్‌లోని వాళ్ళింట్లో ఉన్న ఆ చలికాలమంతా ఆ పూనకాన్ని దగ్గర్నుంచి చూసి నాకు తల ప్రాణం తోకకొచ్చింది.

నా మనవరాలు ధాత్రి ఆరో క్లాసు. వాళ్ళ టీచరు మిసెస్ ఫ్రీసెన్ ద్వీపదేశాల పేర్లు చిట్టీల మీద రాసి, ఒక ఊలు టోపీలో వేసి, పిల్లలందరిచేతా తలా ఒకటి తీయించింది. ఎవరికి వచ్చిన దేశం గురించి వాళ్ళు తెలుసుకోవాలి. అది ఎక్కడుంది, ఎవరుంటారు, ఎవరు పాలిస్తారు, ఏం చేసుకుని బతుకుతారు అన్నవి అట్ట మీద అంటించి, ఒక నమూనా చేసి, మార్చిలో బడి జిమ్‌లో టేబుల్ దగ్గర నిలబడి వచ్చినవాళ్ళకి చెప్పాలి. పక్కవీధి రేవంత్ వాళ్ళబ్బాయి సాకేత్‌కి జపాన్ వచ్చింది. మా పిల్లకి నౌరూ వచ్చింది.

"నౌరూనా? అదెక్కడుంది?" అన్నాడు యోగానంద్, ఎవరో మోసం చేసినట్టు మొహం పెట్టి.

ఫోన్‌లో చూసుకుని మా అమ్మాయి మధుమితకి ఒక్కొక్కటే చదివి వినిపించడం మొదలుపెట్టాడు. పసిఫిక్‌లో ఒకే ఒక్క దీవి. దేశమంతా ఇరవైయొక్క చదరపు కిలోమీటర్లు. "పన్నెండువేల మందంట మధూ! మనం కూకట్‌పల్లిలో ఉన్న కాలనీలో ఇంతకన్నా ఎక్కువమంది ఉంటారు. ఒక్కటే రోడ్డంట, దీవి చుట్టూ. అరగంటలో దేశం చుట్టేసి రావచ్చంట. చూడు, అఫీషియల్‌గా క్యాపిటల్ కూడా లేదు!"

రాజధాని లేకపోతే లెక్కలోకి రాదంటే, ఆంధ్రా నుంచి వచ్చినదాన్ని నాకు నవ్వొచ్చింది. అల్లుడి ముందు నవ్వితే బాగుండదని పప్పులో గరిట తిప్పుకుంటూ కూర్చున్నాను.

అతని బాధ నాకు అర్థం కాలేదని కాదు. ధాత్రి బడిలో నోరు విప్పదు. పరీక్షలు బాగా రాస్తుంది, లేచి చెప్పమంటే నేల చూపులు చూస్తుంది. శీతాకాలం సెలవుల ముందు టీచరు ఇదే మాట చెప్పి పంపింది. పెద్ద దేశమైతే చెప్పడానికి బోలెడుంటుంది, పిల్ల ధైర్యంగా మాట్లాడుతుంది, చిన్న దేశమైతే రెండు ముక్కలు చెప్పి ఊరుకుంటుంది అని అతని లెక్క. ఏం లెక్కో!

అక్కడ జరిగింది దానికి సరిగ్గా తలకిందులు. ఆ పిల్ల నౌరూని పట్టుకుని వదల్లేదు. బడి నుంచి వచ్చి బూట్లు విప్పుతూనే నా దగ్గరికి పరిగెత్తుకొచ్చేది.

"అమ్మమ్మా, డూ యూ నో ఫాస్ఫేట్?"

"తెలియకేమే? మీ తాతయ్య చేలో సూపర్ ఫాస్ఫేట్ చల్లించేవారు. బస్తాలు మన వరండాలోనే వేసేవారు, ఇల్లంతా కంపు."

"ఇట్స్ బర్డ్ పూప్!" అంటూ పడీ పడీ నవ్వింది.

నాకు అప్పుడు తెలిసింది ఆ దేశం కథ. లక్షల ఏళ్ళు సముద్రపు పిట్టలు ఆ దీవి మీద వాలి వేసిన రెట్టే రాయిగా మారిందంటారు. తెల్లదొరలు వచ్చి ఆ రాయి తవ్వి, ఓడలకెత్తి, తమ పొలాల్లో ఎరువు వేసుకున్నారు. స్వాతంత్ర్యం వచ్చాక నౌరూవాళ్ళూ తవ్వుకుని అమ్ముకున్నారు. కొన్నాళ్ళు ప్రపంచంలోకెల్లా డబ్బున్నవాళ్ళలో వాళ్ళూ ఒకళ్ళు. తర్వాత రాయి అడుగంటింది, దాచుకున్నదీ కరిగిపోయింది. దీవి నడుమంతా మొనదేలిన బండలు మిగిలి, మనిషి నిలబడటానికి లేకుండా పోయింది. జనమంతా అంచునే ఉంటారు.

ఇదంతా ధాత్రి నాకు సగం ఇంగ్లీషులో, సగం చేతులతో చెప్పింది. అంతసేపు ఆ పిల్ల గొంతు ఏకధాటిగా నేనెప్పుడూ వినలేదు. గోధుమపిండిలో ఉప్పు కలిపి ముద్ద చేసి పిజ్జా పెట్టె మీద దీవి చేసింది. మధుమిత వంటగట్టు మీదంతా పిండే. నేను గొణిగాను కానీ చెంచా నేనే ఇచ్చాను. ఆ చెంచాతో దీవి నడుమంతా తవ్వి తీసేసి, గోతిలో పగలగొట్టిన బాదం తొక్కలు గుచ్చింది. అవి బండలట. అంచు చుట్టూ నల్లదారం అంటించింది. అది రోడ్డట.

యోగానంద్ ఒక సాయంత్రం వచ్చి దాన్ని చూశాడు. ధాత్రి ఉత్సాహంగా రెట్టల సంగతి మొదలుపెట్టగానే మొహం మాడ్చుకున్నాడు.

"పేరెంట్స్ అందరూ వచ్చే చోట నా డాటర్ పిట్ట రెట్టల గురించి ప్రెజెంట్ చేస్తుందా?" అని మధుమితని అడిగాడు. ధాత్రిని అడగలేదు.

ఆ రాత్రే రేవంత్‌కి ఫోన్ చేశాడు. స్పీకర్‌లో పెట్టి మాట్లాడటం అతని అలవాటు కాబట్టి మధూ నేనూ విన్నాం, ధాత్రి అప్పటికే నిద్రపోయింది. రేవంత్ ఎగిరి గంతేశాడు. సాకేత్‌కి రాయడమంటే బద్ధకం, జపాన్ అయితే చాంతాడంత రాయాలి, నౌరూ అయితే అరపేజీలో అయిపోతుంది. పైగా తయారైన నమూనా కూడా వస్తుందంటే ఇంకేం కావాలి? శనివారాలు సాకేత్‌ని బ్యాడ్మింటన్‌కి తీసుకెళ్ళే పని యోగానంద్ చూసుకుంటానన్నాడు. రైల్లో లోయర్ బెర్తు మార్చుకున్నట్టు ఇద్దరు పెద్దమనుషులు రెండు దేశాలు మార్చేసుకున్నారు.

అంతటితో ఆగినా బాగుండేది. టీచరుకి మెయిల్ కూడా పెట్టాడు. ధాత్రి నౌరూ వల్ల చాలా ఆందోళన పడుతోందనీ, జపాన్ అంటే దానికి చిన్నప్పట్నుంచీ ప్రాణమనీ, బయటపడి అడగలేని పిల్ల కాబట్టి తండ్రిగా తను అడుగుతున్నాననీ రాశాడు. ఆవిడ పాపం, పిల్ల మనసు నొచ్చుకోకూడదని సరేనంది.

భోజనాల దగ్గర చెప్పాడు. "ధాత్రీ, గుడ్ న్యూస్. నీకు జపాన్ వచ్చింది."

ధాత్రి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. తండ్రిని చూసింది, తల్లిని చూసింది. తర్వాత "ఓకే" అంది. అంతే. పిజ్జా పెట్టెని రేవంత్ వాళ్ళింటికి పంపుతుంటే కూడా గదిలోంచి బయటికి రాలేదు.

మా ఇళ్ళలో అత్తగారు అల్లుడితో నేరుగా వాదన పెట్టుకోదు. చెప్పాల్సింది కూతురితో చెబుతుంది, అతను పక్కనే కూర్చుని వింటాడు. నేనూ అలాగే చెప్పి చూశాను. "మీ ఆయనకి చెప్పు మధూ, పిల్ల దేశం పిల్లకిచ్చెయ్యమని." మధుమిత నన్నూ, అతన్నీ మార్చి మార్చి చూసి, "ఇప్పుడివన్నీ ఎందుకమ్మా" అంటూ గిన్నెలు సర్దుకుంది. దానికీ ఇది నచ్చలేదు, కానీ నోరెత్తలేక ఊరుకుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. మర్యాద గట్టున పెట్టి నేరుగా అతన్నే అడిగాను.

"బాబూ, దానికి జపాన్ కావాలని నీతో ఎప్పుడందయ్యా?"

"అనదు కదా అత్తయ్యగారూ. అదే ప్రాబ్లం. అందుకే దాని తరఫున నేను అడగాలి." చాలా మర్యాదగా, నవ్వుతూ అన్నాడు. "మీరు రెస్ట్ తీసుకోండి."

అరిచి ఉంటే నేనూ అరిచేదాన్ని. నవ్వేశాడు కాబట్టి నా గదిలోకి వెళ్ళి తలుపు కొంచెం గట్టిగానే వేసుకున్నాను.

ఇక జపాన్ కట్టడం మొదలైంది. ఆఫీసులో ఎవరిచేతో ఫుజీ పర్వతం బొమ్మని త్రీడీ ప్రింటింగ్ మెషీన్‌లో అచ్చు వేయించాడు, మీట నొక్కితే లోపల ఎర్రదీపం వెలుగుతుంది. అట్టలన్నీ నిగనిగలాడే ప్రింట్లు. పార్లమెంటు, కార్ల కంపెనీలు, బుల్లెట్ రైళ్ళు, అన్నీ అంకెలతో సహా. ధాత్రి చెప్పాల్సిన మాటలు తనే రాసి, రోజూ రాత్రి భోజనం కాగానే అప్పజెప్పించుకునేవాడు. పిల్ల మంత్రంలా అప్పజెప్పేది. ఇంట్లో నాతో మాట్లాడటం కూడా తగ్గించేసింది. బడి నుంచి రాగానే బూట్లు విప్పి తిన్నగా గదిలోకి పోయేది. ఏ నోరు తెరిపించడానికి ఇంత హంగామా చేశాడో, ఆ నోటికే తాళం వేశాడు ఈ మహానుభావుడు. ఈ మాట అతనికి తప్ప ఇంట్లో అందరికీ తెలుసు.

ప్రదర్శన రోజు బడి జిమ్ కిటకిటలాడుతోంది. మంచు బూట్ల తడితో నేలంతా చిత్తడి. జపాన్ టేబుల్ ముందు జనం బాగానే ఆగారు, దీపం వెలిగే కొండ కదా. ధాత్రి తల వంచుకుని, ముందువరసకి కూడా వినపడనంత నెమ్మదిగా అప్పజెబుతోంది. యోగానంద్ ఎదురుగా ఫోన్ పట్టుకుని వీడియో తీస్తూ, తన పెదాలు కూడా కదుపుతున్నాడు. వచ్చినవాళ్ళు రెండు నిమిషాలు వినడానికి ప్రయత్నించి, నవ్వి, దీపం ఒకసారి నొక్కి వెళ్ళిపోతున్నారు. ఆ ఫోన్ లాక్కుని చిత్తడిలో పారేద్దామన్నంత కోపం వచ్చింది నాకు.

పక్క టేబుల్ మీదే నౌరూ. సాకేత్ కుర్చీలో జారగిలబడి బిస్కెట్ తింటున్నాడు. వాడి ముందు మా పిల్ల చేసిన దీవి ఉంది. కానీ బాదం తొక్కలు లేవు. నడుమనున్న గొయ్యి నిండా నీలం రంగు బంకమట్టి నింపేశాడు.

ఎవరి తాతగారో ఒక పెద్దాయన, రైతులా ఉన్నాడు, వంగి చూసి ఇంగ్లీషులో అడిగాడు. "ఇదేంటి బాబూ, చెరువా?"

"యా, లేక్," అన్నాడు సాకేత్.

"ఇంత చిన్న దేశంలో ఇంత పెద్ద చెరువా? మరి వీళ్ళు ఏం చేసుకుని బతుకుతారు?"

"ఐ డోంట్ నో. చిన్న కంట్రీ కదా, అక్కడ ఏం ఉండదు," అన్నాడు వాడు ఇంగ్లీషులోనే, భుజాలు ఎగరేసి.

బుల్లెట్ రైళ్ళ గురించి అప్పజెబుతున్న ధాత్రి మధ్యలో ఆపేసింది.

"ఇట్స్ నాట్ ఎ లేక్!"

జిమ్‌లో సగంమంది తిరిగి చూశారు. నేను కూడా ఎవరా అని చూశాను. అది మా పిల్ల గొంతే. జపాన్ వదిలేసి పక్క టేబుల్ దగ్గరికి పోయింది. నీలం బంకమట్టి వేళ్ళతో పెకలించి పారేసింది. సాకేత్ అడ్డం చెప్పలేదు, బతికిపోయానన్నట్టు కుర్చీ ఖాళీ చేసి జిమ్ మూలన అమ్ముతున్న సమోసాల వైపు నడిచాడు.

ఇక చెప్పడం మొదలుపెట్టింది. పిట్టలు, రెట్ట, రాయి, ఓడలు, తవ్వకం, డబ్బు, ఆ డబ్బు పోవడం. అక్కడ పార్లమెంటులో పందొమ్మిది మందే ఉంటారనీ, ప్రెసిడెంటుని వాళ్ళలోంచే ఎన్నుకుంటారనీ, విమానం దిగేటప్పుడు రోడ్డు మీద కార్లు ఆపేస్తారనీ. చేతిలో కాగితం లేదు. పెద్దాయన తన పొలంలో తనూ ఫాస్ఫేట్ వేస్తానని అంటే, "మై తాతయ్య టూ!" అని గర్వంగా చెప్పింది. జనం మూగారు.

ఒకావిడ అక్కడి మనుషుల గురించి అడిగింది. ధాత్రి ఆ కథా చెప్పింది. ఒకప్పుడు జబ్బులతో నౌరూవాళ్ళు బాగా తగ్గిపోయారట. పదిహేను వందల మందైనా లేకపోతే తమ జాతే మిగలదని భయపడ్డారట. ఆ లెక్క నిండే బిడ్డ ఎప్పుడు పుడుతుందా అని దేశమంతా ఎదురుచూసి, ఒక పాప పుట్టగానే పండగ చేసుకున్నారట. ఇప్పటికీ ఏటా ఆ పండగకి సెలవు.

"జస్ట్ వన్ బేబీ. అండ్ ఎవ్రీబడీ వెయిటెడ్ ఫర్ హర్," అంది.

నాకు కళ్ళు మసకబారాయి. దాచుకోలేదు, కొంగుతో తుడుచుకున్నాను.

ఇంతలో మిసెస్ ఫ్రీసెన్ నలుగురు పెద్దవాళ్ళని వెంటబెట్టుకుని జపాన్ దగ్గరికి వచ్చింది. టేబుల్ వెనక ఎవరూ లేరు. "జపాన్ గురించి ఎవరు చెబుతున్నారు?" అని అడిగింది. యోగానంద్ మొహం ఎర్రబడింది. పక్క టేబుల్ వైపు వంగి, "ధాత్రీ, కమ్ బ్యాక్. టీచర్ వచ్చారు," అన్నాడు పళ్ళు బిగించి.

ధాత్రి తిరిగి తండ్రిని చూసింది. ఎప్పుడూ అతనికి ఇంగ్లీషులోనే జవాబిచ్చే పిల్ల, అంతమంది ముందు నాన్న పరువు పోకూడదనుకుందో ఏమో, తెలుగులో చెప్పింది.

"జపాన్ నాకు కాదు నాన్నా, నీకు కావాలి. నువ్వే చెప్పు."

చెప్పి మళ్ళీ జనం వైపు తిరిగింది. మధుమిత అతని చేతిలోంచి ఫోన్ తీసుకుని, నౌరూ వైపు తిప్పి పట్టుకుంది. అతను టేబుల్ వెనక్కి వెళ్ళాడు. ప్రతి ముక్కా అతను రాసిందే, ప్రతి అంకే అతనికి కంఠతా వచ్చు. నోరు తెరిచాడు, మూశాడు, మళ్ళీ తెరిచాడు. ఒక్క మాట కూడా బయటికి రాలేదు.